ఇంటర్వ్యూలో బలాలు, బలహీనతలు అడిగితే ఎలా చెప్పాలి?

ఎర్రమంచి కియా కార్ల ప్లాంటులో ట్రైనీ ఉద్యోగం కావచ్చు, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని కావచ్చు, అనంతపురం కాలేజీకి వచ్చిన బెంగళూరు కంపెనీ క్యాంపస్ డ్రైవ్ కావచ్చు, కర్నూలులో ఫైనాన్స్ కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు కావచ్చు. "మీ బలాలేంటి, బలహీనతలేంటి?" అన్న ప్రశ్న ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది. ముందే తెలిసిన ప్రశ్నే అయినా చాలామంది ఇక్కడే తడబడతారు. ఎందుకంటే జవాబును తాము చేసిన పనిలోంచి తీసుకోరు, ఎవరో తయారుచేసిన జాబితాలోంచి తెచ్చుకుంటారు.

"హార్డ్ వర్కర్‌ని సార్, క్విక్ లెర్నర్‌ని, టీమ్ ప్లేయర్‌ని" అని మూడు మాటలు గబగబా అప్పజెప్తారు. ఎదుటి మనిషి పొద్దుట్నించీ అవే మాటలు వింటూ ఉంటాడు. కాబట్టి ఆయన నోట వచ్చే తరువాతి మాట దాదాపు ఖాయం: "ఏదీ, ఒక ఉదాహరణ చెప్పండి." అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. మీ పనితీరును మీరు ఎంతవరకు గమనించుకున్నారు, ఆ తీరు ఈ ఉద్యోగానికి పనికొస్తుందా, లోపం కనిపించినప్పుడు ఏం చేస్తారు అన్న మూడు సంగతులే ఆయనకు కావాలి. కింద చెప్పేదంతా ఆ మూడింటికోసమే.

మొదటి అడుగు: ఉద్యోగ ప్రకటన చదవండి

పేరు, జీతం, ఊరు చూసి వదిలేయకండి. ప్రకటనలో "ఏం చేయాలి" అని రాసిన భాగాన్ని ఒక కాగితంమీద తెలుగులో మళ్లీ రాసుకోండి. ప్రతి పనికీ ఎదురుగా, అది చేయడానికి మనిషిలో ఏ గుణం ఉండాలో రాయండి. పని వివరం లేకుండా రెండు లైన్ల ప్రకటన మాత్రమే ఉంటే, ఆ పని చేస్తున్న సీనియర్‌నో, కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌నో అడగండి.

ప్రొడక్షన్ లైన్ ట్రైనీ అయితే షిఫ్టు వేళకు రావాలి, గంటలకొద్దీ నిలబడాలి, రాసిన పద్ధతి ప్రకారమే బిగించాలి, తేడా కనిపిస్తే వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఇక్కడ "కొత్తగా ఆలోచిస్తాను, నా పద్ధతిలో చేస్తాను" అనడం బలం కాదు, వాళ్లకు భయం పుట్టించే మాట. అదే మాట డిజైన్ ఉద్యోగంలో నడుస్తుంది. ఫీల్డ్ ఆఫీసర్‌కు ఊళ్లు తిరిగే ఓపిక, డబ్బు లెక్కలో జాగ్రత్త, గట్టిగా మాట్లాడేవాళ్ల ముందు నిదానం కావాలి. సిమెంటు ప్లాంటు మెయింటెనెన్స్‌లో అన్నిటికంటే ముందు భద్రతా నియమాలు పాటించే మనిషి కావాలి. ఇలా రాసుకున్న గుణాల్లోంచి మీలో నిజంగా ఉన్న రెండు ఎంచుకోండి. ఐదు వద్దు. ఐదు చెబితే ఒక్కటీ గుర్తుండదు, ఐదింటికీ ఉదాహరణలు మీ దగ్గర ఉండవు.

రెండో అడుగు: సాక్ష్యం వెతకండి

ఫ్రెషర్లు ఇక్కడ ఆగిపోతారు. "నేను ఇంతవరకు ఉద్యోగమే చేయలేదు, ఉదాహరణ ఎక్కడినుంచి తేవాలి?" అంటారు. ఉద్యోగం చేయకపోయినా పని చేసే ఉంటారు. కాలేజీ ప్రాజెక్టు, వర్క్‌షాప్ ప్రాక్టికల్స్, అప్రెంటిస్‌షిప్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, పిల్లలకు చెప్పిన ట్యూషన్, ఇంటి కిరాణా కొట్టు లెక్కలు, పొలం పంట అమ్మకం, ఇవన్నీ పనులే. గత మూడేళ్లలో మీరు చేసిన పది పనులు రాయండి. ప్రతిదానికీ నాలుగు చిన్న వాక్యాలు చాలు: ఏం జరగాల్సి ఉంది, ఏం అడ్డొచ్చింది, నేను ఏం చేశాను, చివరికి ఏమైంది. మూడో వాక్యంలో "మేము" అని వస్తుంటే ఆపి, అందులో మీ చేతిపని ఎంతో విడదీయండి.

ఇంటి పనిని చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. సిగ్గుపడాల్సిన పనే లేదు. నాన్నతోపాటు కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు తీసుకెళ్లిన అబ్బాయి అక్కడ బస్తాల లెక్క చూస్తాడు, తూకం రాసుకుంటాడు, క్వింటా ధర, హమాలీ, కమీషన్ పోగా చేతికెంత రావాలో లెక్క వేస్తాడు. అకౌంట్స్ అసిస్టెంటుకో, ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగానికో ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? చెప్పే తీరు మాత్రం కుదరాలి. ఇలా:

"నా బలం, డబ్బు లెక్కను సంతకానికి ముందే సరిచూడటం. మా ఇంట్లో ఉల్లి పంట అమ్మకం లెక్క నేనే చూస్తాను. ఒకసారి 62 బస్తాలు తూకం వేస్తుంటే ఒక్కోటి నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం 28 క్వింటాళ్ల 40 కిలోలు వచ్చింది. చీటీలో 27 క్వింటాళ్ల 40 అని పడింది. నా పుస్తకం చూపిస్తే కూడిక మళ్లీ వేసి సరిచేశారు. మీ దగ్గర రోజువారీ వసూళ్లు సరిపోల్చే పని ఉందని ప్రకటనలో చూశాను. ఈ అలవాటు దానికి ఉపయోగపడుతుంది."

తీరిగ్గా చెప్పినా ఇది నిమిషం లోపే అయిపోతుంది. ఇందులో ఎవరినీ దొంగ అనలేదు, గొప్పలు లేవు. అంకెలు ఉన్నాయి, చేసిన పని కళ్లకు కడుతోంది, చివర్లో ఉద్యోగంతో ముడి పడింది. మీ అంకెలు మీవే కావాలి. ఈ 62 బస్తాలను మీరు అరువు తెచ్చుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మూడో అడుగు: తరువాతి ప్రశ్న ఏదో మీరే నిర్ణయించండి

చాలామంది గమనించని సంగతి ఇది. మీరు చెప్పిన బలమే ఇంటర్వ్యూలో తరువాతి ప్రశ్న. "ఎక్సెల్ బాగా వచ్చు" అంటే పైవట్ టేబుల్ అడుగుతారు. "జావా నా బలం" అంటే జావాలోనే లోతుకు దిగుతారు. కాబట్టి ఒక బలాన్ని ఖాయం చేసే ముందు, దానిమీద వరుసగా మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడింటికీ జవాబు ఉంటేనే ఆ బలం పనికొస్తుంది.

డిప్లొమా మెకానికల్ చదివిన అమ్మాయి "కొలత విషయంలో జాగ్రత్తగా ఉంటాను" అనాలనుకుంది అనుకుందాం. ఉదాహరణ: లేత్‌మీద 25 మిల్లీమీటర్ల వ్యాసం తీయాల్సిన జాబ్ (చెక్కాల్సిన లోహపు ముక్క). మొదలుపెట్టే ముందు వెర్నియర్ క్యాలిపర్ దవడలు మూసి చూస్తే సున్నా గీతలు కలవలేదు. సున్నా కాస్త కుడివైపు జరిగి ఉంది, వెర్నియర్ స్కేలులో రెండో గీత కలిసింది. ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పి, ప్రతి రీడింగులోంచి ఆ తేడా తీసేసి పని పూర్తి చేసింది. వెంటనే రాబోయే ప్రశ్నలు చూడండి. లీస్ట్ కౌంట్ (పరికరం కొలవగల అతి చిన్న కొలత) ఎంత? 0.02 మి.మీ. అయితే జీరో ఎర్రర్ ఎంత? 0.04 మి.మీ. ఎక్కువ. పట్టించుకోకపోతే ఏమయ్యేది? వెర్నియర్‌లో సరిగ్గా 25 కనిపించినప్పుడు ఆపితే నిజానికి 24.96 దగ్గర ఆగేది, ఒకసారి చెక్కేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కాబట్టి డ్రాయింగులో ఇచ్చిన టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) దాటితే ఆ జాబ్ స్క్రాపే. ఈ మూడూ తడుముకోకుండా చెప్పిన అమ్మాయి "నేను జాగ్రత్తపరురాలిని" అని వేరే చెప్పుకోనక్కర్లేదు.

ఒక్క నియమం మరవకండి. రెజ్యూమెలో రాసిన బలాలు, నోటితో చెప్పేవి ఒకటే కావాలి. నెట్‌లో దొరికిన నమూనా రెజ్యూమెలో ఏముందో చూసుకోకుండా ప్రింటు తీసి, ఇంటర్వ్యూలో వేరేవి చెప్పేవాళ్లు ఉన్నారు. ప్యానెల్ చేతిలో ఆ కాగితం ఉంటుంది.

నాలుగో అడుగు: బలహీనతను ఎంచుకోవడం

అసలు కష్టం ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే పెట్టండి. పనికొచ్చే బలహీనతకు మూడు లక్షణాలు ఉంటాయి. అది నిజమైనది కావాలి. ఆ ఉద్యోగపు ప్రధానమైన పనిని దెబ్బతీసేది కాకూడదు. దాన్ని సరిచేసుకోవడం మీరు ఇప్పటికే మొదలుపెట్టి ఉండాలి, "ఇకముందు మొదలుపెడతాను" అంటే లెక్కలోకి రాదు.

"నేను పర్ఫెక్షనిస్టుని", "పని మొదలుపెడితే తిండి నిద్ర గుర్తుండవు", "అందరినీ తొందరగా నమ్మేస్తాను" లాంటివి బలహీనత వేషం వేసిన పొగడ్తలు. వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. "నాకు బలహీనతలే లేవు" అన్నది ఇంకా చేటు, తప్పు ఒప్పుకోని మనిషి అన్న ముద్ర పడుతుంది.

రెండో వైపు ప్రమాదం, నిజాయితీ పేరుతో ఉద్యోగానికే ఎసరు పెట్టుకోవడం. షిఫ్టు ఉద్యోగానికి వెళ్లి "పొద్దున లేవలేను" అనకూడదు. సేల్స్‌కు వెళ్లి "కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు" అనకూడదు. అకౌంట్స్‌కు "చిన్న చిన్న అంకెలు పొరబడతాను", బెంగళూరు పోస్టింగుకు "ఇల్లు వదిలి ఉండలేను", ఎక్కడైనా సరే "కోపం ఎక్కువ" అనకూడదు. మీ సమస్య నిజంగా వీటిలో ఒకటైతే, దాన్ని దాచి ఆ ఉద్యోగంలో చేరడంకంటే సరిపోయే వేరే ఉద్యోగం చూసుకోవడం మేలు. మూడు నెలలకు మానేసి వస్తే నష్టం మీకే.

ఆరోగ్యం, పెళ్లి, ఇంటి గొడవలు, అప్పులు, కులం, మతం బలహీనతల కిందికి రావు. ఇక్కడ ఎత్తకండి. బ్యాక్‌లాగులు, చదువులో గ్యాప్ కూడా వేరే ప్రశ్న. అడిగితే ఎన్ని, ఎందుకు, ఎప్పుడు పాసయ్యారు అని రెండు వాక్యాల్లో చెప్పి ఆపండి.

మరి ఏది చెప్పొచ్చు? సాయం అడగడంలో ఆలస్యం, పదిమంది ముందు మాట్లాడటంలో బెరుకు (ఒంటరిగా చేసే పని అయితే), ఎవరు ఏ పని అడిగినా కాదనలేకపోవడం, పనిని ఇతరులకు అప్పగించలేకపోవడం, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో అనుభవం తక్కువగా ఉండటం. ఒకదాన్ని పూర్తిగా చూద్దాం:

"పని ఎక్కడైనా చిక్కుకుంటే సాయం అడగడానికి చాలా ఆలస్యం చేస్తాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో సెన్సర్ రీడింగులు సరిగా రాలేదు. రెండు రోజులు ఒక్కడినే ప్రోగ్రాం మారుస్తూ కూర్చున్నాను. మూడో రోజు ల్యాబ్ టెక్నీషియన్ చూసి, సెన్సర్ పవర్ సప్లై గ్రౌండూ బోర్డు గ్రౌండూ కలపలేదని పది నిమిషాల్లో చెప్పారు. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. అరగంట ప్రయత్నిస్తాను, ఏమేం చేసి చూశానో కాగితంమీద రాస్తాను, ఆ కాగితంతో వెళ్లి అడుగుతాను. ఇంటర్న్‌షిప్‌లో ఇలాగే చేశాను. ఇప్పటికీ అడిగే ముందు కొంచెం వెనకాడతాను, కానీ రోజులు మాత్రం వృథా కావడం లేదు."

చివరి వాక్యం చూడండి. లోపం పూర్తిగా పోయిందని చెప్పలేదు. పూర్తిగా పోయిందంటే, ఇప్పటి మీ బలహీనత ఏంటని మళ్లీ అడుగుతారు. తగ్గింది, ఇంత మిగిలింది అనడమే నమ్మదగిన మాట. ఉదాహరణ చెప్పేటప్పుడు మీ తప్పును స్నేహితులమీదో, లెక్చరర్‌మీదో నెట్టకండి. నెట్టిన క్షణమే జవాబు చెడిపోతుంది.

ఇంగ్లిష్ గురించి

సీమలో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు సగానికి సగం "నా వీక్‌నెస్ ఇంగ్లిష్ సార్" అంటారు. ఆ ఒక్క ముక్కతో ఆపితే, ఇది మారదు అని చెప్పినట్టు అవుతుంది. ఇంగ్లిష్‌లో ఏది రాదో విడదీసి చెప్పండి. చదివితే అర్థమవుతుందా? మెయిల్ రాయగలరా? మాట్లాడటమే నిదానమా? "చదవడం, రాయడం వచ్చు. మాట్లాడేటప్పుడు మనసులో తెలుగులో అనుకుని చెప్తాను, అందుకే నిదానం. మూడు నెలలుగా రోజూ చేసిన పనిని ఐదు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో రాసి, పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను." నిజంగా చేస్తుంటే ఆ పుస్తకం సంచిలో ఉంచుకోండి. చేయకపోతే ఈ రోజే మొదలుపెట్టి, ఎన్ని రోజులైందో అంతే చెప్పండి. కాల్ సెంటర్, క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగాలకు మాత్రం ఈ బలహీనత ఎంచుకోవద్దు.

ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పాల్సి వస్తే పెద్ద వాక్యాల జోలికి పోకండి. "ఐ చెక్ ఎవ్రీ బిల్ బిఫోర్ ఐ సైన్" అన్న చిన్న వాక్యం, వ్యాకరణం చిక్కుపడిన పొడుగాటి వాక్యంకంటే చాలా బలంగా వినిపిస్తుంది. ప్యానెల్‌లో తెలుగువాళ్లు ఉంటే, ఉదాహరణ వరకు తెలుగులో చెప్పొచ్చా అని మర్యాదగా అడగొచ్చు. తెలుగులో మాట్లాడేటప్పుడు "చేసినాను", "పోయినాను" అన్న మన యాసను దాచుకునే అవసరం లేదు. దాచబోతే మాట సహజత్వం పోతుంది. "ఊ", "ఆఁ" అనకుండా "అవునండి", "లేదు సార్", "లేదు మేడం" అంటే చాలు.

బ్యాంకు ఇంటర్వ్యూ అయితే

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, గ్రూప్ బి నాన్ గెజిటెడ్ పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ క్లరికల్ నియామకాలకూ ఇంటర్వ్యూ లేదు. ప్రొబేషనరీ ఆఫీసర్‌కు ఉంది. ఆ ఇంటర్వ్యూ 100 మార్కులకు, తుది జాబితాలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇక్కడ ఇంకో మెలిక ఎదురుకావచ్చు: "మీ జిల్లా బలాలు, బలహీనతలు చెప్పండి."

పద్ధతి అదే. లోపం చెప్పండి, దానికి జరుగుతున్న పని చెప్పండి. అనంతపురం అభ్యర్థి వానలు తక్కువని, వేరుశనగ ఆకాశంమీద ఆధారపడిందని చెప్పి, శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోసే హంద్రీ-నీవా గురించి, చీనీ తోటలు, డ్రిప్ సేద్యం గురించి చెప్పాలి. అక్కడినుంచి బ్యాంకు రుణాల మాట తనంతట తనే వస్తుంది. కర్నూలు వాళ్లకు 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధాని చరిత్ర, ఓర్వకల్లు విమానాశ్రయం ఉన్నాయి. కడప వాళ్లకు యర్రగుంట్ల సున్నపురాయి, సిమెంటు పరిశ్రమ ఉన్నాయి. ఒక జాగ్రత్త: 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. "మా అనంతపురం జిల్లాలో కియా ఉంది" అంటే, ఏ మండలమమ్మా అని అడిగి అక్కడే పట్టుకుంటారు.

ఐదో అడుగు: సాధన

జవాబు మొత్తం రాసి బట్టీ పట్టొద్దు. ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. పోస్టుకార్డంత కాగితంమీద ఐదు గుర్తులు మాత్రం రాయండి: బలం పేరు, ఎక్కడ జరిగింది, అంకె, నేను చేసింది, ఉద్యోగంతో ముడి. ఆ కార్డు చూస్తూ ఫోన్‌లో రికార్డు చేయండి. ఒక్కో జవాబు 40 నుంచి 90 సెకన్లు ఉండాలి. 40 సెకన్ల లోపు అయిపోతే ఉదాహరణలో వివరం లేదని, రెండు నిమిషాలు దాటితే ఉపోద్ఘాతం ఎక్కువైందని అర్థం. వినేటప్పుడు "యాక్చువల్లీ", "బేసికల్లీ", "అదే సార్" ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. నోరు మూసి ఒక్క క్షణం ఆగడం అలవాటైతే అవి వాటంతటవే తగ్గుతాయి.

తరువాత ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని అడ్డు ప్రశ్నలు వేయించుకోండి. అన్నయ్యో, అక్కో, హాస్టల్ రూమ్‌మేటో, ఎవరైనా సరే. అడగాల్సినవి ఇవి: "ఇంకో బలహీనత చెప్పు." "దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా?" "మీ లెక్చరర్‌కు ఫోన్ చేసి అడిగితే నీ గురించి ఏమంటారు?" "ఈ బలం వల్ల ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా?" అందుకే రెండో బలహీనత కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. బలాలు, బలహీనతలు కలిపి చూసుకోండి. ఓపిక నా బలం అని చెప్పి, పని ఆలస్యమైతే చిరాకు పడతాను అని బలహీనత చెబితే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

ఇంటర్వ్యూ రోజు

రెండూ ఒకే ప్రశ్నగా అడిగితే ముందు బలం, తరువాత ఒక్క బలహీనత. అడిగిన వెంటనే దూకొద్దు, రెండు మూడు సెకన్లు తీసుకోండి. బలహీనత చెప్పడం పూర్తయ్యాక ఆగిపోండి. ఎదుటివాళ్లు ఏదో రాసుకుంటూ మౌనంగా ఉంటే, ఆ మౌనానికి కంగారుపడి "ఇంకా ఏంటంటే సార్" అని కొత్త లోపాలు బయటపెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లు రాసుకోనివ్వండి. చేతులు ఒడిలోనో బల్లమీదో ఉంచి, అడిగినవాళ్ల వైపు చూడండి.

బయటికి వచ్చాక, బస్సు ఎక్కకముందే అడిగిన ప్రశ్నలు వరుసగా రాసుకోండి. ఏ ఉదాహరణ దగ్గర ఆసక్తిగా రెండో ప్రశ్న అడిగారో దాని పక్కన గుర్తు పెట్టండి, వచ్చే ఇంటర్వ్యూకు దాన్ని మొదట చెప్పండి. ఎక్కడ మీరు ఆగిపోయారో అక్కడ అంకో, పేరో, కారణమో కరువై ఉంటుంది. ఆ రాత్రే అది కనుక్కుని కార్డులో చేర్చండి.